లొకేషన్ షూట్‌కు వెళ్లే టీవీ కెమెరా బృందానికి: సర్దుకోవడం నుంచి ఫుటేజ్ భద్రం చేసేదాకా

లొకేషన్‌కు వెళ్లే చిన్న బృందాలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకం. ఏం తీసుకెళ్లాలి? దిగగానే ఏది ముందు చేయాలి? ఏది మరిచిపోతే ఆ రోజు పోతుంది?

స్టూడియోలో మైక్ పాడైతే పక్క గదిలో ఇంకోటి ఉంటుంది. లొకేషన్‌లో ఉండదు. మాట్లాడిన మనిషి వెళ్లిపోతారు, ఎండ దిగిపోతుంది, ఊరేగింపు దాటిపోతుంది. అందుకే కింద చెప్పిన ప్రతి పనికీ ఆధారం ఒక్కటే: ఏ ఒక్క వస్తువు మొరాయించినా ఆ రోజు పని ఆగకూడదు. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఉండే బృందాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాం.

## 1. ఎవరి పని ఏదో ముందే తేల్చుకోండి

అందరిదీ అనుకున్న పని ఎవరూ చేయరు. కార్డులు, బ్యాటరీలు, అనుమతి పత్రాలు. ఈ మూడింట్లో ఒక్కోదానికి ఒక్కో పేరు కాగితం మీద రాయండి. ఇద్దరే ఉన్నా సరే, రాయండి.

- ప్రొడ్యూసర్ లేదా రిపోర్టర్: అనుమతులు, ఇంటర్వ్యూ సమయాలు, ఆఫీసుతో మాటలు, కాల్‌షీట్ (ఆ రోజు పని వివరాల కాగితం).
- కెమెరామన్: కెమెరా, లెన్సులు, ట్రైపాడ్, లైట్లు, కార్డులు.
- సౌండ్ రికార్డిస్ట్: మైకులు, మిక్సర్ (మైకుల శబ్దాలను కలిపి సరిచేసే పెట్టె), టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కు పడే సమయం గుర్తు). ఈ మనిషి లేకపోతే హెడ్‌ఫోన్స్ పెట్టుకునే బాధ్యత కెమెరామన్‌దే. రిపోర్టర్ మీదకు నెట్టొద్దు. ప్రశ్నలడిగే మనిషి శబ్దాన్ని వినలేరు.
- డ్రైవర్ లేదా స్థానిక సహాయకులు: బండి, సామాను కాపలా, దారి, భాష.

కాల్‌షీట్ ఒక్క పేజీ చాలు. చిరునామా, ఎవరిని కలవాలి, ఫోన్ నంబర్లు, సూర్యోదయం, సూర్యాస్తమయం, పార్కింగ్, దగ్గర్లోని ఆసుపత్రి. ఫోన్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి ఉంచుకోండి.

## 2. రెక్కీ (ముందే వెళ్లి చోటు చూసుకోవడం): షూట్ జరిగే వేళకే వెళ్లండి

ఉదయం పది గంటల షూట్‌కు సాయంత్రం రెక్కీ చేస్తే సగం సంగతులు తెలియవు. ఎండ వేరే వైపు ఉంటుంది, ట్రాఫిక్ వేరుగా ఉంటుంది, పక్క స్కూల్లో గంట మోగదు.

చూడాల్సినవి:

- సూర్యుడు ఏ వైపు నుంచి వస్తాడు, ఇంటర్వ్యూ వేళకు ఎక్కడ ఉంటాడు
- కళ్లు మూసుకుని ఒక నిమిషం వింటే ఏం వినిపిస్తుంది: ఏసీ, జనరేటర్, లిఫ్ట్, రోడ్డు
- ప్లగ్ పాయింట్లు ఎక్కడ, ఏ పాయింట్ ఏ బ్రేకర్ మీద ఉంది
- మొబైల్ సిగ్నల్, ముఖ్యంగా అప్‌లోడ్ వేగం
- బండి నుంచి కెమెరా పెట్టే చోటుకు ఎంత దూరం, ఎన్ని మెట్లు
- రాసిచ్చిన అనుమతి ఎవరి నుంచి రావాలి, ఆ కాగితం మీద ఆ తేదీ, ఆ సమయం ఉన్నాయా

వెళ్లే వీలు లేకపోతే అక్కడున్నవారిని ఫోన్‌తో గది చుట్టూ నెమ్మదిగా ఒక వీడియో తీయమనండి. ఆ తర్వాత 30 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేయించండి. బొమ్మ కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ సమాచారం ఇస్తుంది.

డ్రోన్ ఎగరేయాలంటే సాధారణంగా విడిగా అనుమతి కావాలి. వేరే దేశమైతే చాలాచోట్ల మీడియా వీసా వేరుగా ఉంటుంది, టూరిస్ట్ వీసా మీద షూట్ చేయడం కుదరదు. అక్కడి నియమం ఏమిటో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

## 3. సామాను: ఏది రెండు, ఏది ఒకటి

బరువు పెరుగుతుందని జోడీలు తీసేసేవారు చాలామంది. తీసేయాల్సింది మూడో లెన్స్, నాలుగో లైట్. కేబుల్ కాదు. లొకేషన్‌లో పని ఆగేది ఎక్కువగా కెమెరా చెడిపోయి కాదు, చిన్న కేబుల్ తెగి, ట్రైపాడ్ ప్లేట్ ఇంట్లో మిగిలిపోయి.

కచ్చితంగా రెండు ఉండాల్సినవి
- ట్రైపాడ్ ప్లేట్ (కెమెరాకు బిగించి ఒకటి, బ్యాగులో ఒకటి)
- ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు (మైక్ నుంచి శబ్దం తెచ్చేవి), వైర్‌లెస్ రిసీవర్ నుంచి కెమెరాకు వచ్చే కేబుల్
- లేపెల్ మైక్ (బట్టలకు పెట్టే చిన్న మైక్)
- కార్డ్ రీడర్, దాని కేబుల్
- చార్జర్
- హెడ్‌ఫోన్స్ (రెండోది మామూలు ఇయర్‌ఫోన్ అయినా చాలు)
- హార్డ్‌డిస్క్

చిన్నవే కానీ మరవకూడనివి
- గాఫర్ టేప్ (గట్టి గుడ్డ టేప్), చిన్న కత్తెర, అలెన్ కీ సెట్, స్క్రూడ్రైవర్
- చర్మానికి అంటించే టేప్ (లేపెల్ మైక్ కోసం)
- బ్లోయర్, బ్రష్, మైక్రోఫైబర్ గుడ్డ. తుడిచేటప్పుడు క్రమం ఇదే: ముందు ఊదాలి, తర్వాత బ్రష్, చివరికి గుడ్డ. ఇసుక రేణువు ఉండగా గుడ్డ రుద్దితే లెన్స్ పూత గీసుకుపోతుంది.
- రెయిన్ కవర్, పెద్ద చెత్త సంచులు, టవల్
- తెల్ల కార్డు, గ్రే కార్డు (రంగు, వెలుతురు సరిచూసుకోవడానికి)
- హెడ్‌ల్యాంప్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె

బ్యాటరీల లెక్క. కెమెరా ఎన్ని వాట్లు తింటుందో చూడండి. 30 వాట్ల కెమెరాకు 98 వాట్-అవర్ బ్యాటరీ (98 వాట్లు ఒక గంటసేపు ఇచ్చేది) లెక్క ప్రకారం మూడు గంటలు దాటి రావాలి. మానిటర్, వైర్‌లెస్ రిసీవర్ కూడా దాని మీదే నడిస్తే రెండున్నర గంటలకే దిగుతుంది. పది గంటల రోజుకు నాలుగు, పైన రెండు అదనం. 60 వాట్ల ఎల్‌ఈడీ ప్యానెల్ అదే బ్యాటరీని గంటన్నరలో ఖాళీ చేస్తుంది కాబట్టి లైట్ల లెక్క వేరుగా వేయండి.

ప్రతి బ్యాటరీకి నంబర్ రాయండి. ఏ నంబర్ త్వరగా దిగుతోందో రెండు షూట్లలో తెలిసిపోతుంది, దాన్ని పక్కన పెట్టొచ్చు.

## 4. విమానం, కస్టమ్స్

బ్యాటరీలు. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సామానులోనే ఉండాలి.

- 100 వాట్-అవర్ దాకా: ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి సాధారణంగా అక్కర్లేదు. ఎన్ని తీసుకెళ్లొచ్చన్నది ఆయా ఎయిర్‌లైన్ చెబుతుంది.
- 100 నుంచి 160 వాట్-అవర్: ఎయిర్‌లైన్ అనుమతి తప్పనిసరి, ఒక్కొక్కరికి విడివి రెండే.
- 160 దాటితే: ప్రయాణికుల సామానులో కుదరదు. ప్రమాదకర సరుకుల నియమాల ప్రకారం కార్గోలో పంపాలి.

బ్యాటరీ మీద వాట్-అవర్ అంకె చెరిగిపోతే భద్రతా సిబ్బంది ఆపేస్తారు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఆ అంకె వస్తుంది: 14.4 × 6.8 అంటే దాదాపు 98. లేబుల్ చదవగలిగేలా ఉందో లేదో ముందే చూసుకోండి. టెర్మినల్స్ మీద టేప్ వేయండి లేదా ఒక్కొక్కటి విడి సంచిలో పెట్టండి. బ్యాటరీల బరువును ముగ్గురి బ్యాగుల్లో పంచితే అనుమతి లెక్కా సులువు, ఒక బ్యాగు పోయినా పని నడుస్తుంది.

కెమెరా బాడీ, ఒక లెన్స్, ఒక మైక్, కార్డులు కూడా చేతి సామానులోనే. పెద్ద పెట్టెలు రాకపోయినా వీటితో ఒక ఇంటర్వ్యూ చేయగలగాలి. చెక్-ఇన్ పెట్టె ఏదీ 32 కిలోలు దాటకుండా చూడండి, దాటితే చాలా విమానాశ్రయాల్లో మామూలు బ్యాగేజీగా తీసుకోరు. ఎక్స్-రే వల్ల మెమరీ కార్డులకు హాని లేదు.

కస్టమ్స్. పరికరాలు తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లి తిరిగి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నే అనే పత్రం ఉంది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం కింద నడుస్తుంది, వాణిజ్య మండళ్లు ఇస్తాయి, గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. మీరు వెళ్లే దేశం ఈ వ్యవస్థలో ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే అక్కడి తాత్కాలిక దిగుమతి విధానం ప్రకారం పూచీకత్తు కట్టాలి.

1. ప్రతి వస్తువు పేరు, బ్రాండ్, సీరియల్ నంబర్, బరువు, విలువ, ఏ పెట్టెలో ఉందో జాబితా రాయండి.
2. సీరియల్ నంబర్లను వస్తువు మీద నుంచే చూసి రాయండి. పాత జాబితా నుంచి ఎక్కించొద్దు.
3. టేపులు, వాడి పారేసే బ్యాటరీల వంటివి కార్నేలోకి రావు.
4. నాలుగు ముద్రలు పడాలి: సొంత దేశం నుంచి బయటికి, అక్కడ లోపలికి, అక్కడి నుంచి బయటికి, తిరిగి సొంత దేశంలోకి.

ఎక్కువగా తప్పిపోయేది మూడో ముద్ర. తిరుగు ప్రయాణంలో బ్యాగులు చెక్-ఇన్ చేసేశాక కస్టమ్స్ గుర్తొస్తే వస్తువులు చూపించడానికి ఉండవు. ఆ ముద్ర లేకపోతే సరుకు అక్కడే ఉండిపోయిందని లెక్క, సుంకం కట్టమంటారు. కాబట్టి ముందు కస్టమ్స్, తర్వాత చెక్-ఇన్.

## 5. కెమెరా సెట్టింగులు: ఇంటి దగ్గరే తేల్చండి

ఫ్రేమ్ రేటు చానెల్‌దే. మీ చానెల్ సెకనుకు 25 ఫ్రేములు వాడుతుంటే ఎక్కడికి వెళ్లినా 25లోనే తీయండి. అక్కడి కరెంటును బట్టి మార్చాల్సింది షట్టర్ (ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు పడే సమయం).

- 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట: 1/50 లేదా 1/100
- 60 హెర్ట్జ్ ఉన్న చోట: 1/60 లేదా 1/120

25 ఫ్రేములతో 1/60 అంటే షట్టర్ కోణం (అదే సమయాన్ని డిగ్రీల్లో చెప్పే కొలత) 150 డిగ్రీలు. బొమ్మ కదలికలో తేడా కంటికి పెద్దగా తెలియదు, ట్యూబులైట్ల మినుకు మాత్రం పోతుంది. కొన్ని ఎల్‌ఈడీలు, డిస్‌ప్లే బోర్డులు ఈ లెక్కకు లొంగవు. అప్పుడు కెమెరాలో ఉండే క్లియర్ స్కాన్‌తో షట్టర్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ అడ్డచారలు ఆగే చోట నిలపండి.

తేదీ, సమయం, టైమ్‌కోడ్. రెండు కెమెరాలు లేదా విడి సౌండ్ రికార్డర్ ఉంటే టైమ్‌కోడ్‌ను ఫ్రీ రన్‌లో (రికార్డు ఆపినా గడియారంలా నడిచేలా) పెట్టి, ఒకదాని నుంచి మిగతావాటికి జామ్ చేయండి, అంటే అదే సమయాన్ని ఎక్కించండి. ఉదయం ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి. గడియారాలు తమంతట తాము జరుగుతాయి. 25 ఫ్రేముల దగ్గర ఒక ఫ్రేమ్ అంటే 40 మిల్లీసెకన్లు, రెండు ఫ్రేముల తేడా వస్తే పెదవులకూ మాటకూ పొసగదు. బ్యాటరీ మార్చాక కూడా ఒకసారి చూసుకోండి.

రెండు కార్డు స్లాట్లుంటే రెండింటిలో ఒకేసారి రికార్డయ్యే పద్ధతి పెట్టండి. ఒకటి నిండాక రెండోదానికి దూకే పద్ధతిలో ఒక కార్డు చెడితే ఆ భాగం పోయినట్లే.

బయల్దేరే ముందు రోజు ఐదు నిమిషాలు రికార్డు చేసి, ఆ ఫైలును ఎడిటర్ కంప్యూటర్‌లో తెరిపించండి. ఆడియో ఏ చానెల్‌లో (శబ్దం రికార్డయ్యే ట్రాక్‌లో) వస్తోందో కూడా అడగండి.

## 6. చేరాక మొదటి ఇరవై నిమిషాలు

క్రమం ముఖ్యం. చాలామంది దిగగానే లైట్లు నిలబెడతారు. లైట్లు చివరికి.

1. బండిని బయటికి వెళ్లే దిక్కుగా ఆపండి. సామాను ఒక్కచోటే దించండి, ఒకరు దాని దగ్గర ఉండాలి.
2. కలవాల్సిన మనిషిని కలవండి, సమయం మళ్లీ ఖరారు చేసుకోండి.
3. కెమెరా తీసి బ్యాటరీ, కార్డు పెట్టి, పరీక్షగా పది సెకన్లు తీసి ప్లేబ్యాక్ చూడండి. ఇప్పుడు ఏది జరిగినా తీయగలరు.
4. మళ్లీ రానివి ముందు తీయండి: వెళ్లిపోయే మనుషులు, ముగిసిపోయే కార్యక్రమం, దిగిపోయే ఎండ. భవనం, బోర్డు, వీధి చివరికి కూడా ఉంటాయి.
5. గది శబ్దాన్ని వినండి, ఆపగలిగేవి ఆపించండి.
6. ఆ తర్వాతే కెమెరా చోటు, లైట్లు.

## 7. బొమ్మ: బ్యాక్ ఫోకస్, వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్

బ్యాక్ ఫోకస్. మార్చుకునే జూమ్ లెన్స్ ఉన్న భుజం కెమెరాల్లో, జూమ్ చేసినప్పుడు ఫోకస్ ఉండి వైడ్‌కు వచ్చేసరికి మసకైతే తేడా ఇక్కడే, అంటే లెన్స్‌కూ కెమెరా సెన్సర్‌కూ మధ్య సర్దుబాటులో. ప్రయాణంలో కుదుపులకూ, వేడి చలి మార్పులకూ ఇది జరుగుతుంది.

1. సుమారు 3 మీటర్ల దూరంలో స్టార్ చార్ట్ (ఫోకస్ సరిచూసే గీతల బొమ్మ) పెట్టండి. లేకపోతే సన్నని అక్షరాలున్న కాగితం.
2. ఐరిస్ (లెన్స్‌లోకి వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరవండి. వెలుతురు ఎక్కువైతే ఎన్‌డీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుతురు తగ్గించేది) వేయండి, ఐరిస్ మూయొద్దు. మూస్తే ఫోకస్‌లో ఉండే లోతు పెరిగి తప్పు కనిపించదు.
3. పూర్తిగా జూమ్ చేసి, ముందుండే ఫోకస్ రింగ్‌తో స్పష్టంగా తెచ్చుకోండి.
4. పూర్తిగా వైడ్‌కు వచ్చి, ఇప్పుడు వెనకుండే బ్యాక్ ఫోకస్ రింగ్‌ను తిప్పండి.
5. రెండు చివర్లా మార్చాల్సిన అవసరం లేనంత వరకు 3, 4 మళ్లీ మళ్లీ చేయండి. మరను బిగించండి.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే కనిపించేలా రంగు సరిచేయడం). తెల్ల కార్డును మాట్లాడే మనిషి ముఖం ఉండే చోటే పట్టాలి, కెమెరా పక్కన కాదు. ఫ్రేమ్ మధ్య భాగాన్ని కార్డు నింపాలి, అది వెలిసిపోయేంత ప్రకాశం ఉండకూడదు. ఆఫీసుల్లో దొరికే ప్రింటర్ కాగితంతో జాగ్రత్త: తెల్లగా కనిపించడానికి వేసే రసాయనం వల్ల చాలా కాగితాలు కొంచెం నీలంగా ఉంటాయి, దానితో బ్యాలెన్స్ చేస్తే ముఖాలు పచ్చబారతాయి. రెండు కెమెరాలుంటే ఒకే కార్డు, ఒకే చోటు. వేడి బాగా మారినప్పుడు బ్లాక్ బ్యాలెన్స్ (నలుపును సరిచేయడం) కూడా చేయండి.

ఎక్స్‌పోజర్. భుజం కెమెరాలో ఐరిస్‌ను ఎఫ్4 నుంచి ఎఫ్8 మధ్య ఉంచే ప్రయత్నం చేయండి (అంకె పెరిగేకొద్దీ ఐరిస్ మూసుకుంటుంది). ఎఫ్11 దాటితే బొమ్మ పదును తగ్గుతుంది. ఎండ ఎక్కువైతే ఎన్‌డీ: 1/4, 1/16, 1/64 అంటే రెండు, నాలుగు, ఆరు స్టాపులు (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది).

జీబ్రాను (ఎంచుకున్న ప్రకాశం చేరిన చోట తెరపై వచ్చే చారలను) 70 శాతానికి పెట్టి చర్మం మీద చూడటం పాత అలవాటు. అది లేత రంగు చర్మానికి కుదిరే లెక్క. ముదురు చర్మం 50 నుంచి 60 మధ్య ఉంటేనే సహజంగా కనిపిస్తుంది, దాన్ని బలవంతంగా 70కి లాగితే వెనకున్న కిటికీ, తెల్ల చొక్కా కాలిపోతాయి. లాగ్‌లో (రంగులు తర్వాత దిద్దేలా చప్పగా తీసే పద్ధతిలో) తీసేటప్పుడు ఈ అంకెలు వర్తించవు.

ఐరిస్ ఆటోలో పెట్టి ఇంటర్వ్యూ తీయొద్దు. వెనక తెల్ల కారు వెళ్లినా ముఖం నల్లబడుతుంది.

## 8. సౌండ్: ఇక్కడ తొందరపడొద్దు

బొమ్మ కొంచెం చీకటిగా ఉన్నా ఎడిటింగ్‌లో లాగొచ్చు. చిట్లిన మాటను ఎవరూ బాగుచేయలేరు. బృందంలో ఒక్క విషయానికే సమయం ఉంటే అది దీనికివ్వండి.

లేపెల్ మైక్. గడ్డం కింద సుమారు జానెడు దూరంలో, ఛాతీ మధ్యలో పెట్టండి. మనిషి ఎటువైపు తిరిగి మాట్లాడతారో ఆ వైపుకు కొంచెం జరపొచ్చు. మైక్ దగ్గరే కేబుల్‌ను చిన్న చుట్టుగా చేసి టేప్ వేయండి, లాగినప్పుడు కుదుపు మైక్‌కు చేరదు. బట్టల లోపల పెడితే మైక్‌కు రెండు వైపులా టేప్ ఉండాలి: ఒకటి చర్మానికి, ఒకటి బట్టకు. బట్ట కదలకపోతే గరగర రాదు. గొలుసులు, బ్యాడ్జీలు తీయమని మర్యాదగా అడగండి. మైక్ పెట్టే ముందు ఏం చేయబోతున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే చేయి వేయండి. వారే పెట్టుకుంటానంటే ఇంకా మంచిది.

రెండు చానెళ్లు, రెండు మైకులు. ఒకటో చానెల్‌లో లేపెల్, రెండో చానెల్‌లో బూమ్ (కర్రకు బిగించి పట్టే మైక్). కలపొద్దు. ఒకే మైక్ ఉంటే దాన్నే రెండు చానెళ్లకూ పంపి, రెండోదాన్ని 10 డెసిబెల్స్ తగ్గించండి. ఎవరైనా గట్టిగా నవ్వినా, అరిచినా అది కాపాడుతుంది.

లెవెల్. డిజిటల్ మీటర్ మీద మామూలు మాట మైనస్ 20 డెసిబెల్స్ చుట్టూ, గట్టి మాటలు మైనస్ 10 దాకా ఉండాలి. లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) ఆన్‌లో ఉంచండి. లెవెల్ చూసేందుకు "హలో, వన్, టూ" అనిపించొద్దు. పొద్దున ఏం తిన్నారో చెప్పమనండి, అసలు గొంతు వస్తుంది.

మిక్సర్ నుంచి కెమెరాకు. ఎక్కువమంది పడే గుంట ఇదే. మిక్సర్ లైన్ లెవెల్ (మైక్ కంటే చాలా బలమైన సంకేతం) పంపుతుంది, కెమెరా ఇన్‌పుట్ మైక్ మీద ఉంటుంది. గెయిన్ (శబ్దం పెంచే స్థాయి) తగ్గిస్తే మీటర్ సరిగ్గానే కనిపిస్తుంది కానీ లోపల శబ్దం అప్పటికే చిట్లిపోయి ఉంటుంది. స్విచ్‌ను లైన్ మీదకు మార్చండి, మిక్సర్ నుంచి టోన్ (పరీక్షకు వాడే ఒకే స్వరం) పంపి రెండు మీటర్లూ ఒకే అంకె దగ్గర నిలపండి. కండెన్సర్ బూమ్ మైక్ నేరుగా పెడితే 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ ద్వారానే మైక్‌కు అందే కరెంటు) కావాలి. హెడ్‌ఫోన్స్ కెమెరాకు పెట్టి వినండి. మిక్సర్ దగ్గర బాగా వినిపించినంత మాత్రాన కార్డులోకి బాగా వెళ్తోందని కాదు.

వైర్‌లెస్.
1. మీ ట్రాన్స్‌మిటర్లన్నీ ఆపి, రిసీవర్‌తో ఖాళీ ఫ్రీక్వెన్సీలు స్కాన్ చేయండి.
2. ఒక్కొక్కటిగా ఆన్ చేయండి.
3. మూడు, అంతకంటే ఎక్కువ మైకులుంటే సమాన దూరాల్లో ఫ్రీక్వెన్సీలు పెట్టొద్దు. రెండు సంకేతాలు కలిసి పుట్టే మూడోది సరిగ్గా తర్వాతి మైక్ మీద పడుతుంది. పరికరం సూచించే గ్రూపులు వాడండి.
4. యాంటెనా మడవొద్దు, మనిషి ఒంటికి అంటనివ్వొద్దు.
5. బ్యాటరీలు మధ్యాహ్నం మార్చేయండి, గుర్తు ఎంత చూపించినా సరే.

వేరే దేశంలో మీ ఫ్రీక్వెన్సీ బ్యాండ్ చట్టబద్ధమో కాదో ముందే కనుక్కోండి.

గాలి. నురుగు కవర్ గది లోపలికి, నడకకు సరిపోతుంది. ఆరుబయట గాలికి బొచ్చు కవర్ కావాలి. దానికి తోడు 80 హెర్ట్జ్ లో-కట్ (అంతకంటే కింది శబ్దాలను తగ్గించేది).

గది. ఫ్రిజ్ ఆపించాల్సి వస్తే బండి తాళం చెవి ఫ్రిజ్‌లో పెట్టండి. తిరిగి ఆన్ చేయకుండా వెళ్లలేరు. ఇంటర్వ్యూ అయ్యాక ఎవరూ కదలకుండా ఒక నిమిషం గది శబ్దం రికార్డు చేయండి, మాటల అతుకుల కింద ఎడిటర్ దాన్నే పరుస్తారు.

## 9. ఇంటర్వ్యూ లైటింగ్, కరెంటు

కిటికీ వెలుతురు ఉంటే దాన్నే ప్రధాన వెలుతురుగా తీసుకుని, లైట్లను 5600 కెల్విన్‌కు (పగటి వెలుతురు రంగుకు) పెట్టండి. పసుపు బల్బులతో కలపాల్సి వస్తే ఏదో ఒకదాన్ని వదులుకోండి: పరదా వేయండి లేదా బల్బులు ఆపండి.

ప్రశ్నలడిగేవారు లెన్స్‌కు ఆనుకుని, అదే ఎత్తులో కూర్చోవాలి. ప్రధాన లైటు వారున్న వైపు నుంచే, కంటి ఎత్తుకు కాస్త పైన, వారిని దాటి కొంచెం అవతలగా. అప్పుడు ముఖంలో కెమెరా వైపున్న భాగం మీద నీడ పడి లోతు వస్తుంది. కళ్లద్దాల్లో మెరుపు కనిపిస్తే లైటు పైకెత్తండి.

కరెంటు లెక్క: వోల్టులను ఆంపియర్లతో గుణించి అందులో 80 శాతం దాకానే వాడండి. 230 వోల్టుల 10 ఆంపియర్ల సర్క్యూట్ మీద సుమారు 1,800 వాట్లు. 120 వోల్టుల 15 ఆంపియర్ల మీద 1,440 వాట్లు. అదే సర్క్యూట్ మీద ఇంకేం నడుస్తున్నాయో కూడా కలపండి.

- రీల్ కేబుల్ మొత్తం విప్పండి. చుట్టి ఉండగా ఎక్కువ లోడ్ వేస్తే వేడెక్కి కరుగుతుంది.
- స్టాండ్ కాళ్లలో ఒకటి లైటు బరువు ఒరిగే దిక్కుకు ఉండాలి, దాని మీద ఇసుక సంచి.
- నడిచే దారిలోని కేబుల్ మొత్తానికీ టేప్ లేదా మ్యాట్.

## 10. విజువల్స్

ప్రతి షాట్ కనీసం పది సెకన్లు కదలకుండా పట్టండి. ప్యాన్ చేస్తే (కెమెరాను పక్కకు తిప్పుతూ తీస్తే) మొదట ఐదు సెకన్లు, చివర ఐదు సెకన్లు నిలకడగా ఉంచండి. ఒక పని చేస్తున్న మనిషిని తీసేటప్పుడు ఇవి ఐదూ తెచ్చుకోండి: చేతులు, ముఖం, వైడ్, భుజం మీదుగా, ఇంకో వింత కోణం. వీటితో ఎడిటర్ ఏ వరుసలోనైనా కథ కట్టగలరు.

ఇద్దరు మాట్లాడుకుంటుంటే వారి మధ్య గీత ఉందనుకుని ఒకే వైపు నుంచి తీయండి, దాటితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు వస్తుంది. ఒకే మనిషి రెండు షాట్లు పక్కపక్కన అతకాలంటే కోణం కనీసం 30 డిగ్రీలు మారాలి.

కెమెరామన్ వెనక్కి నడుస్తూ తీసేటప్పుడు వీపు మీద చేయి వేసి నడిపించే మనిషి తప్పనిసరి.

## 11. లైవ్

గంటన్నర ముందు చేరండి. బాండెడ్ సెల్యులర్ యూనిట్‌లో (చాలా సిమ్‌ల డేటాను కలిపి లైవ్ పంపే పెట్టెలో) ఒకే కంపెనీ సిమ్‌లు నాలుగు పెట్టడం వల్ల లాభం తక్కువ, టవర్ నిండితే నాలుగూ కలిసే పోతాయి. వేర్వేరు కంపెనీలవి వేయండి. ఖాళీ మైదానంలో వచ్చిన వేగం జనం నిండాక రాదు, కాబట్టి రద్దీ వేళ కొలిచిన అప్‌లోడే లెక్క. హెచ్‌డీకి సెకనుకు 5 నుంచి 8 మెగాబిట్లు కావాలనుకుంటే కనీసం మూడో వంతు అదనంగా కనిపించాలి. భవనంలో వైరు ఇంటర్నెట్ దొరికితే దాన్నీ కలపండి.

డిష్ వాడితే: భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైన ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు ఆకాశం ఖాళీగా ఉండాలి, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపు. ఒక్క చెట్టు చాలు సిగ్నల్ పోవడానికి. ప్రసారం జరుగుతుండగా డిష్ ముందు ఎవరినీ నిలబడనివ్వొద్దు.

స్టూడియో నుంచి చెవిలోకి వచ్చే శబ్దంలో మీ సొంత గొంతు తీసేసి ఉండాలి. దీన్నే మిక్స్-మైనస్ అంటారు, అడిగి పరీక్షించండి. లేకపోతే రిపోర్టర్‌కు తన మాటే ఆలస్యంగా వినపడి నోరు తడబడుతుంది. బ్యాకప్‌గా ఒక మామూలు ఫోన్ కాల్ లైన్‌లో ఉంచండి. ముగిశాక "క్లియర్" వినిపించేదాకా రిపోర్టర్ లెన్స్‌నే చూస్తూ ఉండాలి, మైక్ తీయకూడదు.

మాస్ట్ (పైకి లేచే యాంటెనా స్తంభం) ఉన్న వాహనం. ఎత్తే ముందు బండి దిగి, పైకి చూడండి. విద్యుత్ తీగలకు మాస్ట్ తగిలి సిబ్బంది చనిపోయిన ఘటనలున్నాయి. రాత్రి టార్చ్ వేసి చూడండి. మాస్ట్ లేచి ఉండగా బండి కదపొద్దు. పిడుగులు మొదలైతే దించేయండి. మాస్ట్ తీగకు తగిలిందంటే లోపలున్నవారు లోపలే ఉండాలి, బయటివారు బండిని ముట్టుకోకూడదు. సమయం లేదని ఈ ఒక్కదాన్ని దాటవేయొద్దు, ఏ వార్తకూ అంత విలువ లేదు.

## 12. వాతావరణం తెచ్చే తిప్పలు

- ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి: లెన్స్ మీద, లోపల తేమ పడుతుంది. పెట్టె మూసి ఉంచి అరగంట నుంచి గంట బయట వేడికి అలవాటు కానివ్వండి. రాత్రి ఏసీ గదిలో కాకుండా వరండాలాంటి, తాళం వేసే చోట ఉంచితే ఈ గొడవే ఉండదు.
- చలి నుంచి గదిలోకి: బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి కట్టేయండి, తేమ సంచి మీద పడుతుంది. విడి బ్యాటరీలు లోపలి జేబులో ఉంచండి, చలికి వాటి సామర్థ్యం పడిపోతుంది.
- ఎండ: కెమెరా మీద తెల్ల గుడ్డ. ఆపిన కారులో బ్యాటరీలు వదలొద్దు.
- దుమ్ము: లెన్స్ మార్చడం తప్పనిసరైతే కారులో, ఫ్యాన్ ఆపి, కెమెరా నోరు కిందికి పెట్టి.
- సముద్రపు గాలి: ఆ రోజే మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో ట్రైపాడ్, కెమెరా బయటి భాగాలు తుడిచి ఆరబెట్టండి.

## 13. ఫుటేజ్ భద్రం

సెకనుకు 50 మెగాబిట్ల రికార్డింగ్ గంటకు సుమారు 22.5 గిగాబైట్లు. 128 గిగాబైట్ల కార్డులో ఐదున్నర గంటలు పడుతుంది. 4కే 240 మెగాబిట్ల దగ్గర అదే కార్డు గంటా పది నిమిషాల్లో నిండుతుంది.

1. కార్డు తీయగానే లాక్ చేసి, లేబుల్ లోపలికి తిప్పి పర్సులో పెట్టండి. లేబుల్ కనిపిస్తే ఖాళీ, కనిపించకపోతే నిండినది. బృందమంతా ఇదే పద్ధతి పాటించాలి.
2. కార్డులోని ఫోల్డర్లన్నీ యథాతథంగా కాపీ చేయండి. వీడియో ఫైళ్లు మాత్రమే ఏరితే టైమ్‌కోడ్, క్లిప్పుల వివరాలు పోతాయి.
3. ఫోల్డర్ పేరు: తేదీ, చోటు, కెమెరా, కార్డు నంబర్. ఈ వరుస మార్చొద్దు.
4. చెక్‌సమ్ (కాపీ అచ్చం అసలులాగే ఉందని తేల్చే అంకె) సరిచూసే సాఫ్ట్‌వేర్‌తో రెండు డిస్కులకు. ఫైల్ సైజు ఒకటే అని వదిలేయొద్దు.
5. మొదటి, మధ్య, చివరి క్లిప్పులు డిస్క్ నుంచే తెరిచి, శబ్దంతో సహా చూడండి.
6. రెండు డిస్కులు ఇద్దరి దగ్గర, వీలైతే రెండు బండ్లలో. ముఖ్యమైన బైట్లు (ఇంటర్వ్యూల్లోని మాటల ముక్కలు) ఆ రాత్రే ఆఫీసుకు అప్‌లోడ్ చేయండి.
7. ఈ రెండు డిస్కులూ, ఇంకోచోట మరొకటీ కలిపి మూడు కాపీలు ఉన్నాయని చూశాకే కార్డు ఖాళీ చేయాలి. ఖాళీ చేయడం కెమెరాలోనే, కంప్యూటర్‌లో కాదు. ఒక్కో క్లిప్ చెరపడం అసలు వద్దు.

కార్డులో తప్పు చూపిస్తే ఇంకేమీ రికార్డు చేయకుండా పక్కన పెట్టండి. కెమెరా "బాగుచేయమంటారా" అని అడిగితే ఒప్పుకునే ముందు, చదవగలిగినంత కంప్యూటర్‌కు కాపీ చేసే ప్రయత్నం చేయండి. ఆ తర్వాత కార్డులోకి ఏం ఎక్కినా పోయినదాన్ని తిరిగి తెచ్చే అవకాశం తగ్గుతుంది.

## 14. లొకేషన్ వదిలే ముందు, ఆ రాత్రి

- మాట్లాడినవారి పేరు, హోదా వారి చేతే రాయించుకోండి, చెప్పించి రికార్డు చేయండి
- సమ్మతి పత్రం సంతకం
- లేపెల్ మైక్ ఆ మనిషి దగ్గరే ఉండిపోలేదు కదా
- ఆపిన ఫ్రిజ్, ఏసీ, గడియారం మళ్లీ ఆన్
- జరిపిన కుర్చీలు ఎక్కడివక్కడ (మొదట ఫోన్‌తో తీసిన ఫొటో చూసి)
- పెట్టెలు లెక్కపెట్టి బండిలోకి, చివరిగా ఒకరు ఖాళీ చేతులతో గదంతా తిరిగి రావాలి

గదికి చేరాక ముందు కార్డులు, తర్వాత చార్జింగ్, ఆ తర్వాతే భోజనం. చార్జర్ రెండు బ్యాటరీలదైతే మధ్య రాత్రి మార్చే మనిషి ఎవరో అనుకోండి.

ఆ రోజు అనుమానం వచ్చిన కేబుల్‌కు రెండు చివర్లా ఎర్ర టేప్ చుట్టి వేరే సంచిలో వేయండి. తిరిగి మామూలు సంచిలో పడితే రేపు ఇంటర్వ్యూ మధ్యలో అదే చేతికొస్తుంది.